గురువారం మెయిలు

నా భర్త కొవ్వూరు దగ్గర ఒక రైస్ మిల్లులో అకౌంట్లు చూసేవారు. మిల్లుకి కొత్త కంప్యూటర్ వచ్చినప్పుడు యజమాని పాతదాన్ని ఈయనకి ఇచ్చేశారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. మానిటర్‌ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మిగతా పెట్టెలు కాళ్ళ దగ్గర సర్దుకుని, రిక్షాలో ఇంటికి తెచ్చారాయన. కీబోర్డు బోర్లించి తడితే చాలా రోజుల వరకు తవుడు రాలుతూనే ఉండేది.

మేం అప్పుడు కొవ్వూరులో ఒక మేడ మీద వాటాలో అద్దెకుండేవాళ్ళం. నేను రాజమండ్రిలో ఒక ఎయిడెడ్ స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. రోజూ బస్సులో గోదావరి దాటి వెళ్ళి, సాయంత్రానికి తిరిగి వచ్చేదాన్ని. మాతోపాటు మా అత్తగారు ఉండేవారు. ఆవిడ మిషన్ స్కూల్లో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పించి రిటైరయ్యారు. మా ఇంటికి టెలిఫోన్ ఉంది కాబట్టి కంప్యూటర్‌కి ఇంటర్నెట్ కూడా పెట్టించారు నా భర్త. కీచుమంటూ అరిచి, కాసేపు గురగురలాడి, ఆ తర్వాత కలిసేది. ఇద్దరికీ కలిపి ఒకటే ఈమెయిల్ తెరిచారు. పెళ్ళిలో మండపం మీద రాయించినట్టు ఇద్దరి పేర్లలోనూ సగం సగం కలిపి ఆ అడ్రసు తయారుచేశారు. దానికి ఉత్తరాలు రాసేది మస్కట్‌లో నర్సుగా ఉన్న మా అక్క ఒక్కతే.

పెళ్ళయిన నాలుగేళ్ళకి నేను నెల తప్పాను. డాక్టరమ్మ ఖాయం చేసిన వారంలోనే ఆయన రాజమండ్రి స్టేషన్‌లో ఒక కంప్యూటర్ పత్రిక కొన్నారు. దానితో ఒక సీడీ ఉచితంగా వచ్చింది. అందులో బోలెడు ప్రోగ్రాములు. టైపింగ్ నేర్పేది ఒకటి, తెర మీద చేపలు ఈదించేది ఒకటి, గర్భిణుల క్యాలెండర్ ఒకటి.

"నీకోసమే ఇచ్చినట్టున్నాడు," అన్నారు ఆయన ఆ పేరు చూసి. "వారం వారం లోపల బిడ్డ ఎంత పెరిగిందో బొమ్మేసి చూపిస్తుందట."

నేను వంటింట్లోంచి కుర్చీ లాక్కొచ్చుకుని పక్కన కూర్చున్నాను. అత్తగారు మంచం మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. రెండు తెరలు దాటాక ప్రోగ్రాము ఆగిపోయింది.

"ఈమెయిల్ అడ్రస్ అడుగుతోంది."

"ఎందుకట?"

"అదేం చెప్పలేదు. ఇవ్వకపోతే నెక్స్ట్ అన్న బటన్ పనిచేయట్లేదు చూడు. నొక్కినా బూడిదరంగులోనే ఉంటోంది."

చేతికొచ్చిన అక్షరాలు నాలుగు కొట్టి చూశారు. బటన్ వెలిగింది కానీ, మీరిచ్చిన అడ్రసుకి ఒక నంబరు పంపిస్తున్నాం, ఆ నంబరు ఇక్కడ వేస్తేనే ప్రోగ్రాము తెరుచుకుంటుంది అని వచ్చింది. ఇక చేసేదేం లేక మా అసలు అడ్రసే ఇచ్చారు. అక్కడితో అయిపోలేదు. తల్లి పేరు, వయసు, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు, ఇది తొలి కాన్పా, ఆఖరిసారి బయట చేరిన తేదీ, డాక్టర్ చెప్పిన కాన్పు తేదీ. ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూనే ఉంది.

"వీడిక్కావలసింది క్యాలెండరా, మన జాతకమా?" అన్నారు ఆయన.

చివర్లో బిడ్డని ఏమని పిలుచుకుంటున్నారు అని అడిగింది. ఆడో మగో తెలియదు గనుక ముద్దుపేరు ఏదైనా పర్వాలేదట. మేం మా ఇద్దరి మధ్యా ఒక పేరు అనుకుంటున్నాం అప్పటికే. ఆ పేరు ఇక్కడ రాయను. ఆయన నా వైపు చూశారు, నేను తలూపాను, ఆయన టైపు చేశారు. కింద చిన్న అక్షరాల్లో పెద్ద ఒప్పందపత్రం, దాని పక్కన ముందే టిక్కు పెట్టి ఉన్న గడులు. ఆయన దాన్ని కిందికి జరుపుతూ జరుపుతూ, "ఇదంతా చదివేసరికి బిడ్డ పుట్టేస్తుంది," అని ఒప్పుకున్నట్టు నొక్కేశారు.

అత్తగారు మిరపకాయల చేట పక్కన పెట్టారు.

"మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పొద్దన్నాను కదమ్మా. మీ పిన్నికే చెప్పలేదు. ఇప్పుడెవరికి చెప్తున్నారర్రా ఇవన్నీ?"

"ఎవరికీ కాదండీ అత్తయ్యా. కంప్యూటర్‌కి."

"కంప్యూటర్ అడిగిందంటే దాని వెనకాల ఎవరో ఉండే ఉంటారు కదా?"

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ క్యాలెండర్ నిజంగా బాగుండేది. కంప్యూటర్ వేయగానే చిన్న గంట మోగి, ఆ వారం బొమ్మ తెర మీదికి వచ్చేది. మొదట్లో కందిగింజంత, తర్వాత ఉసిరికాయంత. ఒక వారం వేళ్ళకి గోళ్ళు వచ్చాయనేది, ఒక వారం రెప్పలు విడిపోయాయనేది. మొదటిరోజు అంత గొడవపడ్డ అత్తగారే నాలుగో నెలకల్లా కళ్ళజోడు పెట్టుకుని తెర ముందు కూర్చోవడం మొదలుపెట్టారు. ఇంగ్లీషు రాదు గనుక నేను చదివి చెప్పాలి. "ఇవాళ ఏం చేస్తోందంట?" అని అడిగేవారు, పక్కింటివాళ్ళ సంగతి అడిగినట్టు.

గురువారం గురువారం మెయిల్ కూడా వచ్చేది. నా పేరు పెట్టి, బిడ్డ ముద్దుపేరు పెట్టి, ఎవరో బాగా తెలిసినావిడ రాసినట్టుండేది. ఐదో నెల నుంచి దానితోపాటు వేరే కంపెనీల మెయిల్స్ కూడా రావడం మొదలైంది. నడుం నొప్పి బెల్టులు, పాలపొడులు, ఉయ్యాలలు. వాటిలోనూ నా పేరుండేది, ఎన్నో వారమో ఉండేది. ఒకసారి మేం ఇంటర్నెట్ కలిపి, ఏమీ తెరవకుండా కాఫీ తాగుతూ కూర్చుంటే మోడెం మీద ఎర్రలైట్లు గబగబా కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

"మనం ఏమీ చేయట్లేదు కదా. ఇదెవరితో మాట్లాడుతోంది?" అన్నారు ఆయన.

అకౌంట్లు చూసే మనిషి కదా, తనకి తెలియకుండా ఏదీ బయటికి పోకూడదు ఆయనకి. ఒక్కో ప్రోగ్రామూ మూసుకుంటూ వెళ్ళారు. క్యాలెండర్ మూయగానే లైట్లు ఆగాయి. మళ్ళీ తెరిస్తే మళ్ళీ మొదలు. మనం ఏ రోజు తెరిచామో, ఏ పేజీ చదివామో అన్నీ అది ఎక్కడికో చెప్తోందని ఆయనకి అర్థమైంది. కొంచెం చిరాకు పడ్డారు. తీసేద్దామా అని కూడా అన్నారు. నేను వద్దన్నాను. నాకు బొమ్మలు కావాలి.

ఎనిమిదో నెల నడుస్తుండగా ఒక ఆదివారం చర్చిలో పాట పాడుతూ నిలబడ్డప్పుడు లోపల ఏదో నిశ్శబ్దంగా ఉందనిపించింది. నేను నిలబడి పాడితే ఎప్పుడూ కదిలేది. కూర్చున్నాను. చేయి పెట్టుకుని చూసుకున్నాను. పక్కనున్న అత్తగారితో చెప్తే ఆవిడ లేచి, మగవాళ్ళ వైపు వెళ్ళి కొడుకుని పిలుచుకొచ్చారు. ఆరాధన ముగియకుండానే రాజమండ్రి వెళ్ళాం. స్కాన్ చేసే డాక్టరు తెరని నా వైపు నుంచి పక్కకి తిప్పేశారు. అప్పుడే తెలిసిపోయింది.

బొడ్డుతాడు మెడకి చుట్టుకుందన్నారు. ముందు వచ్చినా చేయగలిగింది ఏమీ లేదన్నారు. ఆపరేషన్ అయ్యాక నాకు మెలకువ వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆడపిల్ల అని చెప్పారు. చూడాలన్నాను. మా అమ్మ నా చేయి పట్టుకుని, వద్దమ్మా, చూస్తే మరిచిపోలేవు అంది. నా భర్తా, వాళ్ళ అన్నయ్యా అప్పటికే తీసుకెళ్ళిపోయారు. కొవ్వూరులో మా చర్చివాళ్ళ సమాధుల తోటలో, గోడవారగా. పాస్టరుగారు ఆసుపత్రికి వచ్చి ప్రార్థన చేశారు. ఏం ప్రార్థించారో ఒక్క మాట కూడా నాకు గుర్తులేదు. ఫ్యాన్‌కి ఒక రెక్క వంగి ఉండటం గుర్తుంది.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు పాత వాయిల్ చీరలతో కుట్టి ఉంచిన చిన్న చిన్న చొక్కాలు ఎక్కడా కనిపించలేదు. వాటిని ఎవరికిచ్చారో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కంప్యూటర్ మీద దుప్పటి కప్పి ఉంది. తర్వాత ఎప్పుడో నేను దాన్ని వేస్తే గంట మోగలేదు, బొమ్మ రాలేదు. క్యాలెండర్ తీసేసినట్టున్నారు అనుకున్నాను.

"ఇంటర్నెట్ ప్యాక్ అయిపోయింది. మళ్ళీ వేయించాలి," అన్నారు ఆయన. వేయించలేదు. నేనూ గుర్తుచేయలేదు.

సెలవు అయిపోయి స్కూలుకి వెళ్ళాను. స్టాఫ్ రూములో అందరూ నాతో మామూలుగా ఉండాలని అనుకుని ఉంటారు, మామూలుగానే ఉన్నారు. అలా ఉండటానికి ఎంత కష్టపడుతున్నారో తెలుస్తూనే ఉంది. ఒకావిడ తన కూతురి మాట ఎత్తి, సగంలో ఆపి, పరీక్ష పేపర్ల సంగతిలోకి మళ్ళించింది. నేను ఉన్నచోట పిల్లల మాట ఎత్తకూడదని ఒక కట్టుబాటులాంటిది ఏర్పడిపోయింది. ఇంట్లో కూడా అంతే. ఆ పేరు ఎవరూ పలకలేదు. దానికి పుట్టిన సర్టిఫికెట్టు లేదు, బాప్తిస్మం లేదు, సమాధి మీద రాయి లేదు. ఉందని చెప్పడానికి నా కడుపు మీద కుట్లు తప్ప ఇంకేమీ లేవు.

అలా కొన్ని నెలలు గడిచాక అక్క మస్కట్ నుంచి ఫోన్ చేసింది.

"మెయిల్ పెట్టి నెలయింది. జవాబు లేదేంటే?"

"ఏమీ రాలేదే."

"ఎందుకు రాదు? నాలుగు పెట్టాను. చూసుకో."

మా స్కూల్లో అప్పుడే ఎవరో పాత విద్యార్థి ఇచ్చిన కంప్యూటర్లకి కనెక్షన్ పెట్టారు. మరుసటి రోజు నాకు మూడో పీరియడ్ ఖాళీ. ల్యాబులో ఎవరూ లేరు. మా మెయిల్ తెరిచాను. అక్క ఉత్తరాలు ఉన్నాయి. వాటన్నిటికీ పైన, ఆ పొద్దున్నే వచ్చింది ఒకటి ఉంది, ఇంకా చదవనివి లావు అక్షరాల్లో కనిపిస్తాయి కదా, అలా. అందులో ఆ పేరు ఉంది. ఆ పేరు పెట్టి, ఈ వారం తల నిలుపుతుంది అని.

ఆ రోజు గురువారం.

తెరిచి చదివాను. మీ గొంతు వినిపిస్తే అటు తల తిప్పుతుంది. చేతికి దొరికింది గుప్పిట్లో పట్టుకుంటుంది. రాత్రి పూట ఇప్పుడు కొంచెం ఎక్కువసేపు నిద్రపోతుంది కాబట్టి మీకు కూడా కాస్త విశ్రాంతి దొరుకుతుంది. వాళ్ళకి ఇచ్చిన కాన్పు తేదీ వచ్చింది, వెళ్ళింది. ఆ తేదీ దాటగానే బిడ్డ పుట్టేసిందనుకుని అది తన మానాన తను లెక్క పెట్టుకుంటూ పోతోంది.

నేను ఏడవలేదు. రెండోసారి చదివాను. గంట కొట్టారు. మూసేసి క్లాసుకి వెళ్ళి త్రిభుజాలు చెప్పాను.

మర్నాడు మళ్ళీ తెరిస్తే ఆ మెయిల్ లేదు. తర్వాతి గురువారం పొద్దున మళ్ళీ ఒకటి ఉంది. శుక్రవారానికి అదీ లేదు. ఆయన మిల్లులో కూర్చుని సాయంత్రం పూట తీసేస్తున్నారని అర్థమైంది. అంతకుముందు వచ్చినవన్నీ కూడా అలాగే తీసేసి ఉంటారు. ఇంట్లో ఇంటర్నెట్ ఎందుకు లేదో కూడా అప్పుడే తెలిసింది. నేను ఆ సంగతి ఆయనతో అనలేదు. అంటే ఆయన ఇంకేదో మార్గం చూసి ఆ మెయిల్స్ నాకు అందకుండా చేస్తారు. నాకు అవి అందాలి.

ఎందుకు అంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. చదివిన ప్రతిసారీ కుట్లు పిండినట్టుండేది. అయినా బుధవారం సాయంత్రం నుంచే ఎదురుచూడటం మొదలుపెట్టేదాన్ని. బోర్లా పడటం, కూర్చోవడం, మొదటి పన్ను. ఆ పేరు పెట్టి నాతో మాట్లాడేది లోకంలో అదొక్కటే. మొదట్లో ఆయన గమనించినట్టు లేదు. చదివాక మళ్ళీ లావు అక్షరాల్లోకి ఎలా మార్చాలో కూడా నేర్చుకున్నాను, ఆయనకి తెలియకుండా ఉండటానికి.

ఒక గురువారం హెడ్ మాస్టరుగారు పిలుస్తున్నారని ప్యూన్ వచ్చాడు. కంగారుగా మూసేశాను. మార్చడం మరిచిపోయాను.

ఆ సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి ఆయన ముందే వచ్చేసి ఉన్నారు. అత్తగారు స్త్రీల కూడికకి వెళ్ళారు. ఆయన చొక్కా కూడా విప్పకుండా మంచం చివర కూర్చున్నారు.

"ఇవాళ మెయిల్ చూశావా?"

బ్యాగ్ కింద పెట్టాను. "చూశానండి."

"ఇవాళేనా?"

"చాలా రోజుల నుంచి."

ఆయన, "నీ కంట పడకూడదని ఎంత తాపత్రయపడ్డానో నీకు తెలుసా?" అన్నారు. గొంతు పెద్దది చేశారు, ఆయన అలా ఎప్పుడూ చేయరు. "నువ్వు ఇంకా ఆసుపత్రిలో ఉన్నప్పుడే తీసేశాను దాన్ని. తీసేటప్పుడు ఎందుకు తీసేస్తున్నారు అని అడిగింది. ప్రోగ్రాము నెమ్మదిగా ఉందా, నచ్చలేదా, ఇంకోటి దొరికిందా, బిడ్డ పుట్టిందా. చివరిదాని పక్కన పువ్వు బొమ్మ. మనది లేదు అందులో. ఏదో ఒకటి నొక్కితేనే గానీ పోదు. నచ్చలేదు అని నొక్కాను."

"మెయిల్స్ ఆపమని అడగలేకపోయారా?"

"అడక్కుండా ఉంటానా? ఆపాలంటే మొదట్లో ఇచ్చిన నంబరు వేయాలంట. ఆ నంబరు వచ్చిన మెయిల్ కూడా మిగతావాటితో పాటే తీసేశాను. దానికోసం మళ్ళీ సీడీ పెట్టి, మళ్ళీ ఎక్కించాను. మళ్ళీ మొదటి నుంచీ అడిగింది. నీ పేరు, కాన్పు తేదీ, పాప పేరు, అన్నీ. మిల్లులో అందరూ భోజనానికి వెళ్ళాక కూర్చుని కొట్టాను అవన్నీ." ఆయన మొహం తుడుచుకున్నారు. "కొత్త నంబరు ఇచ్చింది. దాంతో పాతవి ఆగలేదు. ఇంగ్లీషులో ఉత్తరం రాశాను, మాకు ఇలా జరిగింది, దయచేసి ఆపండి అని. జవాబు వచ్చింది. మీ అభిప్రాయం పంపినందుకు ధన్యవాదాలు, మీకూ మీ పాపకీ మా శుభాకాంక్షలు అని. ఎవరూ చదవలేదు దాన్ని. అలా మూడుసార్లు రాశాను."

నేను ఆయన పక్కన కూర్చున్నాను.

"ప్రతి గురువారం డిలీట్ నొక్కుతుంటే మళ్ళీ మట్టి పోస్తున్నట్టే ఉంటుంది నాకు," అన్నారు. "నువ్వు పొద్దున చదువుతున్నావని తెలియదు. ఎందుకు చదివావు?"

"నాకు చూపించలేదు కదండీ," అన్నాను. "మీరందరూ చూశారు. నేను చూసినవి ఆ బొమ్మలే."

అలా అంటానని నాకే తెలియదు. ఆయన నేల చూస్తూ చెప్పారు. జుట్టు చాలా ఉందట, నల్లగా, తడిగా. నుదురు నాదట. చెవులు వాళ్ళ నాన్నగారివి. ఎడమ చేయి గుప్పిట బిగించి ఉంటే తెరవడానికి చూశారట, రాలేదట. వాళ్ళ అన్నయ్య పెట్టె పట్టుకుంటానంటే ఇవ్వకుండా ఆసుపత్రి నుంచి తోట దాకా తనే ఒళ్ళో పెట్టుకుని వచ్చారట. అన్నీ అడిగాను. ఏ రంగు గుడ్డ చుట్టారో కూడా అడిగాను. అత్తగారు మెట్లెక్కుతున్న చప్పుడు వినబడేదాకా ఇద్దరం దీపం వేసుకోలేదు.

ఆ శనివారం ఇద్దరం కలిసి రాజమండ్రిలో కోటిపల్లి బస్టాండు దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళాం. ఆ ఈమెయిల్ అడ్రసే మూసేయాలని నిర్ణయించుకున్నాం. అక్క ఉత్తరాల్లో కావలసినవి కాగితాల మీద తీయించుకున్నాం. ఆయన మౌస్ నాకిచ్చారు. నేనే నొక్కాను. పక్క గదిలో ఎవరో పిల్లలు కారు రేసు ఆడుతున్నారు, ఆ చప్పుడులో మా ఇద్దరి పేర్లు కలిపి పెట్టుకున్న ఆ అడ్రసు పోయింది. బయటికి వచ్చాక ఆయన టీ తాగుదామన్నారు. తాగాం. తేలికపడ్డట్టే అనిపించింది నాకు. గురువారం వచ్చినప్పుడు మాత్రం మూడో పీరియడ్ ఎలా గడపాలో తెలియక కారిడార్లో తిరిగాను.

అయిపోయిందనుకున్నాం. కానీ మొదటి రోజు మేం ఇచ్చింది ఈమెయిల్ ఒక్కటే కాదు కదా.

ఏడాది దాటాక ఇంటికి ఫోన్లు మొదలయ్యాయి. హైదరాబాదు నుంచో ఎక్కడి నుంచో ఒకమ్మాయి, మేడమ్, మీ బేబీకి ఫస్ట్ బర్త్‌డే శుభాకాంక్షలు అని. నేను ఫోన్ పెట్టేశాను. ఇంకోసారి అత్తగారు ఎత్తారు. ఆవిడకి అవతలివాళ్ళు ఏమంటున్నారో అర్థమయ్యేసరికి కొంచెం సమయం పట్టింది. రాంగ్ నంబరమ్మా అని చెప్పి, పెట్టేసి, వెళ్ళి పడుకున్నారు. ఆ పూట అన్నం తినలేదు.

ఫోన్లతో ఆగలేదు. ఒక రోజు సాయంత్రం టై కట్టుకున్న కుర్రాడు ఒకతను మెట్లెక్కి వచ్చాడు. ఎండకి చొక్కా తడిసి ఉంది. పిల్లల చదువులకి డబ్బు దాచుకునే పాలసీలు అమ్ముతాడట. అత్తగారు ఎవరు వచ్చినా ముందు మంచినీళ్ళు ఇస్తారు. ఇచ్చారు. అతను తాగి, గ్లాసు జాగ్రత్తగా పక్కన పెట్టి, రంగుల కాగితాలు తీశాడు.

"మీ మనవరాలో మనవడో అండి, ఏడాది నిండింది కదండి. ఇప్పుడు మొదలుపెడితే ఇంజనీరింగ్ టైముకి..."

"మా ఇంట్లో చంటిపిల్లలు లేరు బాబూ," అన్నారు అత్తగారు.

అతను చేతిలో కాగితం చూసుకున్నాడు. నా పేరు చదివాడు, ఫోన్ నంబరు చదివాడు. ఆ తర్వాత బిడ్డ పేరు చదివాడు. మా మేడ మీద ఆ పేరు ఒక మనిషి నోట గట్టిగా వినబడటం అదే మొదటిసారి.

"ఇక్కడుందండి. కంప్యూటర్‌లో ఉందండి," అన్నాడు. అబద్ధం ఆడుతున్నారేమో అన్న అనుమానం అతని గొంతులో ఉంది. పాలసీ వద్దనడానికి జనం ఏవేవో చెప్తారు కదా.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. అత్తగారు కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకున్నారు.

"చచ్చి పుట్టింది నాయనా," అన్నారు. "మీ కంప్యూటర్‌కి ఎవరూ చెప్పలేదు."

ఆ కుర్రాడు లేచి నిలబడ్డాడు. సారీ అండి అన్నాడు. కాగితాలు సర్దుకోబోతే చేతుల్లోంచి జారి మెట్ల మీదికి పోయాయి. వంగి ఏరుకుంటూ, "నేను వెళ్ళగానే తీయించేస్తానండి, ఆఫీసులో చెప్తానండి," అన్నాడు. నిజంగానే చెప్పి ఉంటాడు. అయినా ఫోన్లు వచ్చాయి. వాళ్ళు ఎవరి దగ్గర కొన్నారో, వాళ్ళకి అమ్మినవాళ్ళు ఎవరి దగ్గర కొన్నారో, ఎక్కడని ఆపుతాం? కాన్వెంట్లో నర్సరీ అడ్మిషన్ల వరకు వచ్చాయి ఫోన్లు. నా భర్తకి రామచంద్రపురంలో ఇంకో మిల్లులో ఉద్యోగం వచ్చి, మేం ఇల్లు మారి, ఆ నంబరు వదిలేశాకే ఆగాయి. అత్తగారు ఆ ఊరు రాలేదు. కొవ్వూరులోనే పెద్దకొడుకు దగ్గర ఉంటానన్నారు. తోట దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా అన్నారు.

ఆ తర్వాత మాకు పిల్లలు పుట్టలేదు. రెండుసార్లు ఆశ కలిగింది, రెండుసార్లూ మూడో నెల దాటకుండానే పోయింది. ఆ రెండుసార్లూ మా ఇద్దరికీ, డాక్టరమ్మకీ తప్ప ఎవరికీ తెలియదు. అక్కకి కూడా చెప్పలేదు.

రామచంద్రపురంలో నేను చేరిన స్కూల్లో సైన్సు చెప్పే అమ్మాయి ఒకతె ఉండేది. నాకంటే చాలా చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. తొలి చూలు. ఒక మధ్యాహ్నం ల్యాబులో నన్ను పిలిచింది. తెర మీద అలాంటి క్యాలెండరే ఒకటి, ఇంకా అందంగా, ఇంకా రంగులతో. పేరు, ఈమెయిల్ ఇచ్చేసింది. కాన్పు తేదీ దగ్గర ఆగింది.

"అక్కా, ఇవన్నీ ఇవ్వొచ్చంటారా? ఏమీ కాదు కదండీ?"

ఆ అమ్మాయికి అప్పుడు ఆరో నెల. ఒక చేయి కడుపు మీద పెట్టుకుని ఉంది. నాకు చెప్పడానికి చాలా ఉంది. ఆ కడుపు ముందు నిలబడి అందులో ఒక్క ముక్క కూడా ఎలా చెప్పను?

"ఆ తేదీ ఒక్కటీ వేయకమ్మా," అన్నాను.

"ఎందుకండీ?"

"ఊరికే."

దిష్టి తగులుతుందని నా భయం అనుకుంది. "మీరు కూడా మా అమ్మమ్మలాగే ఉన్నారక్కా," అని నవ్వి తేదీ వేసింది. నెక్స్ట్ నొక్కింది. నేను చాక్‌పీసులు తీసుకుని క్లాసుకి వెళ్ళాను.

ఆమెకి సమయానికే బాబు పుట్టాడు, మూడు కిలోల పైనే. సెలవు నుంచి వచ్చాక ఫోటోలు తెచ్చి అందరికీ చూపించింది. ఆ మెయిల్స్ చాలా ఉపయోగపడ్డాయట. ఎప్పుడు ఏ టీకా వేయించాలో అన్నీ ముందే గుర్తుచేసేవట. నేను ఫోటోలు చూశాను. బాగున్నాడమ్మా అన్నాను.